బకాసురుణ్ణి అంత మాట అనకండి

మా పాప స్కూల్లో యాన్యువల్ డేకి బకాసుర వధ నాటకం అంట, మా పాపకే బకాసురుడి వేషం. కోరలు, విగ్గు, నల్ల గౌను కలిపి 1,850 రూపాయలు, బయట కొంటే ఒప్పుకోరు, స్కూల్ కౌంటర్లోనే తీసుకోవాలి. ఆ రసీదు చేతికొచ్చిన దగ్గర్నుంచి నాకు బకాసురుడంటే గౌరవం పెరిగిపోతోందండి.

ఏకచక్రపురంలో ఆయన రేటెంత? బండెడు అన్నం, రెండు దున్నపోతులు, తోలుకొచ్చిన మనిషి. అంతే, ఏటేటా పెంచడాల్లేవు. ఇంటికో వంతు, అదీ ఒకసారి వస్తే మళ్ళీ ఎన్నో ఏళ్ళకి గానీ రాదు. పైగా ఆయనుండగా మాకు శత్రువుల భయం లేదని కుంతీ, పాండవులూ తలదాచుకున్న ఇంటి బ్రాహ్మణుడే కుంతికి చెప్తాడు. మాకేమో పిల్ల వ్యాన్ దిగిందని మెసేజ్ పెట్టడానికి కూడా వేరే చార్జీ.

అసలు బకాసురుడు మా కరస్పాండెంట్ గారి దగ్గర ఓ నెల ట్రైనింగ్ తీసుకుని ఉంటేనా... అడ్మిషన్‌కి ఒక దున్నపోతు, తిరిగి ఇవ్వబడదు. ఇంట్లో వండిన అన్నం చెల్లదు, గుహ పక్క కౌంటర్లోనే కొనాలి, బండికి గుహ లోగో ఉండాలి, దున్నపోతులకి యూనిఫాం, శనివారం మాత్రం తెల్ల యూనిఫాం, బూట్లు నాలుగు కాళ్ళకీ. భీముడు మొహం తిప్పుకుని కూర్చుని బకాసురుడి అన్నం లాగించేస్తుంటే ఆయన వెనకాలే వచ్చి వీపు మీద గుద్దాడు, పిచ్చి మారాజు, లేట్ ఫీజు వేస్తే భీముడే పారిపోయేవాడు కదా!

మొన్న మాత్రం నవ్వు రాలేదు. ఫీజు బాకీ ఉందని మూడో తరగతి పిల్లల్ని పరీక్ష రోజు వరండాలో నిలబెట్టారు. ఎనిమిదేళ్ళ పిల్లల్ని! బాకీ మాదైతే మమ్మల్ని అడగండి, మా చొక్కా పట్టుకోండి, ప్యాడ్ గుండెకి ఆనించుకుని తలొంచుకుని నిలబడ్డ ఆ పిల్లలేం చేశార్రా మిమ్మల్ని? విద్యాహక్కు చట్టం వచ్చింది 2009లో, పిల్లల్ని మానసికంగా వేధించకూడదని 17వ సెక్షన్‌లో రాసే ఉంది, ఎవడిక్కావాలి. ఏకచక్రపురం బ్రాహ్మణుడు కూడా తిట్టింది రాక్షసుణ్ణొక్కణ్ణే కాదు, కాపాడటం చేతకాని రాజుని కూడా.

ఆ కథలో బ్రాహ్మణుడి ఇంటికి వంతు వచ్చి ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే మాటలు కూడా సరిగ్గా రాని బుడ్డోడు ఒక గడ్డిపరక పట్టుకుని దీంతో రాక్షసుణ్ణి చంపేస్తా అంటాడు. మా స్కూల్ నాటకంలో ఆ సీన్ లేపేశారు, గడ్డిపరకకి కౌంటర్లో రేటు కుదర్లేదేమో.