ణతో మొదలయ్యే మాట లేదు, ణ ఉన్న మాటలు మన నోటినిండా ఉన్నాయి

మొన్న మంగళవారం సాయంత్రం మా మనవరాలు బడి నుంచి వచ్చి, భుజాన సంచి కూడా దించకుండా ఏడ్చింది. ఒకటో తరగతి పిల్ల. చేతిలో ఇంటిపని కాగితం. చుట్టూ పూల అంచు, మధ్యలో పెద్దగా 'ణ', దాని కింద ఒక ప్రశ్న: "ఈ అక్షరంతో మొదలయ్యే మూడు పదాలు రాసి బొమ్మలు గీయండి." మూడు గీతలు, మూడు గళ్ళు. బస్సులో వస్తున్నంతసేపూ ఆలోచించిందట. ఒక్కటీ తట్టలేదట. "అమ్మమ్మా, నాకు తెలుగు రాదు" అంది.

ఆ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. నేను ఇరవై ఆరేళ్ళు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చిన్న తరగతుల పిల్లలకు అక్షరాలు దిద్దించినదాన్ని. ఆ కాగితం ముందు పెట్టి నన్నడిగినా రాయగలిగింది ఏమీ లేదు. తెలుగులో ణతో మొదలయ్యే మాట వాడుకలో లేదు. ఆరేళ్ళ పిల్ల తప్పేమీ చేయలేదు, లేనిదాన్ని వెతికింది. దొరకనందుకు తనకు భాషే రాదనుకుంది. తప్పు ఆ ప్రశ్న రాసినవారిది. అన్ని అక్షరాలకూ ఒకే అచ్చు తయారుచేసుకుని, మధ్యలో అక్షరం మాత్రం మార్చుకుంటూ పోయారు. క దగ్గర, మ దగ్గర ఆ అచ్చు సరిపోయింది. ణ దగ్గరకు వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, తమ నోటితో తాము పలికి చూసుకోలేదు.

గోడ మీద వేలాడదీసే అక్షరమాల పటాలు ఇంతకంటే నయం. వాటిలో ణ పక్కన వీణ బొమ్మో, బాణం బొమ్మో ఉంటుంది. ఈ అక్షరం మాట మొదట రాదు, లోపల ఉంటుంది అని అవి చెప్పకనే చెబుతాయి. కానీ ఆ పటాల మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది. వీణ అని వేలు పెట్టి చూపించి ముందుకు వెళ్ళిపోతారు. ఆ పిల్లల్లో వీణ నాదం విన్నవారు ఎందరు? పటంలో వీణా, పక్క గడిలోని పలకా ఒకే పరిమాణంలో ఉంటాయి. వీణ చెప్పాలనుకుంటే వీణను పూర్తిగా చెప్పండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి, ఒకే కర్రతో వీణ చేస్తారు. అతుకు లేకుండా చేసిన దాన్ని ఏకాండి వీణ అంటారు. ఏడు తీగలు, ఇరవై నాలుగు మెట్లు. నేను ఒకసారి అక్కడ నిలబడి ఉలి దెబ్బలు విన్నాను, పచ్చి పనస చెక్క వాసన చూశాను. ఆ తర్వాత నా తరగతిలో వీణ అనే మాట చెప్పిన తీరే మారిపోయింది. పిల్లలు పనసపండు తిన్న ప్రతిసారీ వీణ గుర్తు చేసుకునేవారు. ఫోనులో రెండు నిమిషాల వీణ వాదన వినిపించడానికి ఈ రోజుల్లో ఏ బడికైనా ఏమి కష్టం?

అయితే నా అసలు బాధ వీణ గురించి కాదు. పటంలో గీయగలిగినదే మాట అనే అలవాటు మనకు ఎలాగో వచ్చేసింది. వస్తువుకు బొమ్మ ఉంటుంది కాబట్టి వస్తువుల పేర్లన్నీ పటం ఎక్కాయి. పనులు, చప్పుళ్ళు, ఒంటికి తెలిసేవి పటం ఎక్కలేదు. ణ నిజంగా నివసించేది వాటిలోనే.

ఆ రాత్రి కాగితం పక్కన పెట్టేసి మేమిద్దరం వంటింట్లో కూర్చున్నాం. "చలి వేస్తే ఒళ్ళు ఏమి చేస్తుంది?" అని అడిగాను. రెండు చేతులూ దగ్గరకు ముడుచుకుని పళ్ళు టకటకలాడించి చూపించింది. "దాన్ని ఏమంటారు?" అంటే కాసేపు ఆలోచించి "వణుకు" అంది. అంతే, మొదటి మాట దొరికింది. "మీ తాతయ్య పేపరు కనిపించకపోతే ఏమి చేస్తారు?" నవ్వేసింది. "గొణుగుతారు!" రెండోది. పోయిన నెల మెట్ల మీద జారినప్పుడు తన కాలికి ఏమైందో అడిగాను. "బెణికింది." ఒక చెంబు అంచుదాకా నీళ్ళు నింపి, కింద పడకుండా హాలు దాకా నడవమన్నాను. నాలుగడుగులు వేయగానే నీళ్ళు ఒలికాయి. తొణకడం అనే మాట ఆ పిల్లకు అప్పుడే తెలిసింది. నిండు కుండ తొణకదు అనే సామెత మనం పెద్దయ్యాక, ఎవరి వినయాన్నో మెచ్చుకోవడానికి నేర్చుకుంటాం. నీళ్ళు కాలి మీద పడ్డప్పుడు నేర్చుకుంటే ఆ మాట ఒంట్లోకే దిగుతుంది. నేల తుడుచుకోవాల్సి వచ్చింది, తుడుచుకున్నాం.

తర్వాత అది నన్ను ఆపనివ్వలేదు. గుడి గంట గణగణ మోగుతుంది. కుంపట్లో నిప్పులు కణకణలాడతాయి. దూరంగా దీపం మిణుకుమిణుకుమంటుంది. మిణుగురు పురుగును మాత్రం చూపించలేకపోయాను. మా ఊళ్ళో వానాకాలం రాత్రుళ్ళు చింతచెట్టు నిండా ఉండేవి, ఈ నగరం వీధి దీపాల మధ్య ఎక్కడ చూపించను? చెరుకు గడ విరిచేటప్పుడు పన్ను ఆగిపోయే గట్టి చోటు కణుపు. గాజులు ఆగే చోటు మణికట్టు. తలనొప్పి వస్తే అమ్మ అమృతాంజనం రాసే చోటు కణత. ఎనిమిది గంటలకు మొదలుపెడితే తొమ్మిదిన్నరకు పాత క్యాలెండరు కాగితం వెనక వైపు నిండిపోయింది. మూడు మాటలు దొరకని పిల్లకు మూడు పదులు దొరికాయి. వాటిలో ముప్పాతిక వంతు బొమ్మ గీయలేనివి. చేసి చూపించగలిగినవి.

ఈ మాటలు పిల్లల నోటి నుంచి జారిపోతున్నాయి. నా భయం ఇదే. మా అపార్ట్‌మెంట్ పిల్లలు చలికి షేక్ అవుతున్నాం అంటారు, కాలు స్ప్రెయిన్ అయింది అంటారు. వారిని నేను తప్పుపట్టను. వారికి ఎవరూ ఆ మాట అందించలేదు. వీణ, బాణం పటంలో ఉన్నాయి కాబట్టి పరీక్షలకైనా బతికి ఉంటాయి. వణుకు, బెణుకు, తొణుకు ఇంట్లో పెద్దవారు వాడితేనే బతుకుతాయి. ఇంట్లో వాడుక తగ్గింది, బడిలో చోటు లేదు. మరి ఎక్కడికి పోవాలి అవి?

ఇంకొక సంగతి ఉంది, అది చెబితే మనవరాలు నమ్మలేదు. ణ పలకడం తనకు రెండేళ్ళ వయసు నుంచే వచ్చు. "గంట అను. గం దగ్గర ఆగు. నాలుక ఎక్కడుంది?" అన్నాను. కళ్ళు మూసుకుని వెతికింది. "పైన, వెనక్కి మడిచి ఉంది." "ఇప్పుడు అంత అను, అం దగ్గర ఆగు." "పళ్ళ దగ్గర ఉంది!" రెండు చోట్లా రాసేది ఒకే సున్న. కానీ ట, డల ముందు ఆ సున్న ణ అవుతుంది, త, దల ముందు న అవుతుంది, ప, బల ముందు మ అవుతుంది. పండు, బండి, కుండ, ఎండ, వంట, అన్నింటిలోనూ ణ దాక్కుని ఉంది. పొద్దున లేచిన దగ్గర నుంచి తెలుగు పిల్ల ఎన్ని వందలసార్లు ణ పలుకుతుందో లెక్కపెట్టలేం. మన అక్షరమాలను వరుసలుగా పేర్చింది ఇందుకే. ట ఠ డ ఢ ణ ఒకే ఇంటి పిల్లలు, అయిదింటికీ నాలుక వెనక్కి మడవాలి. ఆ ఇంట్లోంచి ణను విడదీసి, ఒంటరిగా ఒక కాగితం మీద నిలబెట్టి, నీతో ఏ మాట మొదలవుతుంది అని నిలదీయడం ఎంత అన్యాయం!

నా తరగతిలో పిల్లలు వరుస చదివేటప్పుడు "ట, ఠ, డ, ఢ, అణ" అనేవారు. మొదట్లో నేను సరిదిద్దేదాన్ని. కొన్నాళ్ళకు మానేశాను. ఈ అక్షరానికి ముందు ఒక ఆసరా కావాలని వారి నోటికి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆ అ చేర్చుకున్నది అజ్ఞానంతో కాదు.

ణను న లాగా పలకడం గురించి పెద్దలు తరచు కోప్పడతారు. వీన, బానం అంటున్నారని. పిల్లలను కసరకండి. తెలుగే ఆ దారిలో కొంత దూరం నడిచింది. తమిళంలో కణ్, మనకు కన్ను. వారికి మణ్, మనకు మన్ను. మా అబ్బాయి కుటుంబం బెంగళూరులో ఉంటుంది, అక్కడి మనవడికి బెణ్ణె దోసె అంటే ప్రాణం. ఆ బెణ్ణె మన వెన్నే అని చెప్పిన రోజు వాడి ముఖం చూడాలి. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు ఇది ఎంత మంచి ఆట! అమెరికాలో వారాంతపు తెలుగు తరగతులు నడిపే వారికీ ఇదే చెబుతాను. అక్కడి పిల్లల నోటికి ణ కష్టమైతే ఒంటరిగా ణ ణ అని వల్లె వేయించకండి. బండి, గుండు, గంట అనిపించి, మధ్యలో ఆపి, నాలుకను పట్టుకోమనండి. దారి అక్కడుంది.

కొంచెం పెద్ద పిల్లలైతే, మూడో తరగతి దాటినవారికి, ర సంగతి చెప్పవచ్చు. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ముందు ర ఉంటే తరచు వెనక న కాస్తా ణ అవుతుంది. కిరణం, చరణం, కారణం, పురాణం, పూర్ణం. సంక్రాంతికి ఉత్తరాయణం అని రాస్తాం, ఆషాఢంలో మొదలయ్యే దాన్ని దక్షిణాయనం అని న పెట్టి రాస్తాం. అచ్చుతప్పు కాదు, అదే సరి. పిల్లలకు ఇలాంటి రహస్యాలంటే ఇష్టం. ఒకసారి చెబితే పంచాంగం తీసి తామే చూసుకుంటారు.

మరుసటి రోజు నేను బడికి వెళ్ళాను. తరగతి ఉపాధ్యాయురాలు మంచి అమ్మాయి, గౌరవంగా మాట్లాడింది. ముందు నలభై మంది పిల్లలు, చేతిలో పై నుంచి వచ్చిన కాగితాలు. తను తయారుచేసినవి కావు. ప్రశ్న తప్పని ఆమెకూ తెలుసు, మార్చే వీలు లేదనుకుంది. నేను అడిగింది ఒకే ఒక మాట మార్చమని. "ఈ అక్షరంతో మొదలయ్యే" కొట్టేసి "ఈ అక్షరం ఉన్న" అని రాయించండి. మూడు గళ్ళలో ఒకదాన్ని బొమ్మకు కాక చేసి చూపించడానికి వదలండి. అది కూడా కష్టమైతే హాజరు పట్టీ తెరవండి. ఏ తెలుగు తరగతిలోనైనా ఒక రమణో, అరుణో, కృష్ణో, వాణో ఉంటారు. తన పేరులోనే ఆ అక్షరం ఉన్న పిల్ల లేచి నిలబడితే ఆ పాఠానికి ఇంకే పటమూ అక్కర్లేదు. మా మనవరాలి పేరు ఇక్కడ రాయను గానీ, దాని చివరి అక్షరం ణి. తన పేరు ముందు పెట్టుకుని, ఆ అక్షరం ఉన్న మాట తెలియదని ఏడ్చింది మా పిల్ల. ఆ కాగితం అంత పని చేసింది.

ఇలాంటి కాగితాలు తయారుచేసేవారు ఈ పోస్టు చదువుతున్నట్లయితే, దయచేసి వినండి. ఙ, ఞ, ళ కాగితాలు కూడా ఒకసారి తీసి చూడండి. వాటి కిందా మొదలయ్యే అనే మాట ఉంటే ఈ రాత్రే తీసేయండి. ఎక్కడో ఒక పిల్ల రేపు సాయంత్రం బస్సులో కూర్చుని వెతుకుతూ వస్తుంది.

మా క్యాలెండరు జాబితా ఇంకా పెరుగుతోంది. తాతయ్య గొణుగుతూనే ఓణీ, నాణెం చేర్చారు. నేను అణా అని రాశాను. "అణా అంటే?" అంది. పూజ గదిలో పసుపు డబ్బా అడుగున మా అత్తగారి కాలం నుంచి ఒక అణా ఉంది. తీసి కడిగి చేతిలో పెట్టాను. అంచు పువ్వులా వంపులు తిరిగి, ఒక వైపు ఎద్దు, ఇంకొక వైపు మూడు సింహాలు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చే దాకా రూపాయికి పదహారు అణాలని చెప్పాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "పదహారణాల తెలుగు పిల్ల అని నన్ను తాతయ్య అంటారు కదా, ఈ అణాలేనా?" అని అడిగింది. అవునన్నాను. ఆ నాణెం మీద కాగితం పరిచి, పెన్సిలుతో మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది. ముందు వంపుల అంచు వచ్చింది, తర్వాత ఎద్దు మూపురం వచ్చింది. దాని కింద తనే, ఎవరినీ అడగకుండా, 'అణా' అని రాసుకుంది.