లూయీ ద ఫ్యునేస్: మంచివాడనిపించుకోవడానికి ఒప్పుకోని హాస్యం

ఫ్రాన్స్‌లో సెలవులు వచ్చాయంటే ఏదో ఒక టీవీ ఛానల్లో ఫ్రెంచి హాస్యనటుడు లూయీ ద ఫ్యునేస్ సినిమా రావడం ఇప్పటికీ ఆనవాయితీ. ఆయన పోయి నలభై ఏళ్లు దాటినా ఆ సినిమాలకు ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. అయినా ఆయన పేరెత్తగానే ముఖం వంకర్లు తిప్పి అరవడం తప్ప ఏముందని పెదవి విరిచేవారికి కొదవ లేదు. ఆయన బతికుండగా ఫ్రెంచి విమర్శకుల్లో చాలామంది అన్నదీ ఇదే. ఈ తీర్పు తప్పని నా అభిప్రాయం. చిన్నపాటి అధికారం చేతికి చిక్కిన మనిషి పైవాడి ముందు ఎలా వంగుతాడో, కిందివాడి మీద ఎలా లేస్తాడో ఆయన చూపినంత నిర్దాక్షిణ్యంగా చూపిన హాస్యనటుడిని నేను చూడలేదు.

ఆయన 1914 జూలై 31న పారిస్‌ను ఆనుకుని ఉన్న కుర్బెవ్వాలో పుట్టారు. తల్లిదండ్రులు స్పెయిన్‌లోని సెవీల్ నుంచి వలస వచ్చినవారు. అక్కడ న్యాయవాదిగా ఉన్న తండ్రి ఇక్కడ వజ్రాలు సానపట్టే పనిలో కుదురుకోవలసి వచ్చింది. పరాయి దేశంలో పట్టా ఒకటి, పని ఒకటి కావడమంటే ఏమిటో మన పాఠకుల్లో కొందరికి విడమరచి చెప్పనక్కరలేదు. నటనలో తన మొదటి గురువు తన తల్లేనని, ఆమె కోపావేశాలను చూసే ఎంతో నేర్చుకున్నానని ఆయన చెప్పుకునేవారు. రకరకాల చిన్న ఉద్యోగాలు చేసి, యుద్ధకాలంలో పారిస్‌లోని పిగాల్ ప్రాంతపు బార్లలో రాత్రంతా పియానో వాయించి పొట్టపోసుకున్నారు. 1945లో తీసిన ఒక సినిమాలో తలుపు దగ్గర నిలబడే మనిషిగా తెరమీదికి వచ్చారు. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు చాలావరకు చిన్న వేషాలే. వాటిని వృథా అయిన ఏళ్లని నేను అనుకోను. అరనిమిషం పాత్రలో ప్రేక్షకుడి కన్ను తన మీద పడేలా చేసుకోవడం ఆయన అక్కడే నేర్చుకున్నారు. చూపు తిప్పడానికీ మాట అందుకోవడానికీ మధ్య ఆయన పాటించే లయలో మాత్రం ఆ పియానో చెయ్యే కనిపిస్తుంది.

ఆ ఏళ్లలో వచ్చిన ఒక్క సన్నివేశం చాలు. క్లోద్ ఓతాన్ లారా 1956లో తీసిన ‘లా త్రావెర్సే ద పారీ’లో, జర్మన్ ఆక్రమణ నాటి పారిస్‌లో దొంగచాటుగా పందిమాంసం అమ్మే జాంబియే అనే వ్యాపారి పాత్ర ఆయనది. నేలమాళిగలో జాఁ గాబాఁ పాత్ర గొంతు చించుకుని ఇతని పేరూ, వీధీ, ఇంటి నంబరూ కేకలు పెడుతుంటే, ఎక్కడ ఇరుగుపొరుగు వింటారోనని ఇతను వణికిపోతూ డబ్బు తీసి ఇస్తాడు. ఆ ఇచ్చేటప్పుడు భయం, లోభం రెండూ ఒకే ముఖం మీద పెనుగులాడతాయి. తర్వాతి ద ఫ్యునేస్ అంతా అందులోనే ఉన్నారు.

కథానాయకుడిగా అసలైన వైభవం యాభై ఏళ్లు నిండాక వచ్చింది. 1964లో సాంత్రోపే అనే ఊరి జాందార్మ్ (పోలీసు) కథలతో వచ్చిన వరసలో మొదటి సినిమా, ‘ఫాంతోమాస్’. మరుసటి ఏడాది జెరార్ ఊరీ దర్శకత్వంలో ‘లె కోర్నియో’. 1966లో అదే దర్శకుడి ‘లా గ్రాండ్ వాద్రూయ్’. ఈ చివరిదాన్ని ఫ్రాన్స్‌లో 1 కోటీ 70 లక్షల మందికి పైగా థియేటర్లలో చూశారు. అప్పటి దేశ జనాభాలో ఇది మూడో వంతుకు పైగా. ఫ్రెంచి సినిమాల్లో ఆ రికార్డు 2008 వరకు నిలిచింది. అందులో వాద్యబృందాన్ని చేతి సైగలతో నడిపించే కండక్టర్ పాత్ర కోసం ఆయన నెలల తరబడి సాధన చేశారు. అంత గొప్ప కళాకారుడిగా కనిపించే ఆ మనిషి, తన చెప్పులు నొప్పిపెడుతున్నాయని సణిగి సణిగి, పెయింటర్ పని చేసుకునే సాటివాడి చెప్పులు పుచ్చుకుంటాడు. గోడ మీద నుంచి జారి అతని భుజాల మీద పడ్డవాడు ఇక దిగడు. ఆ సాటివాడిగా వేసి, మోసే బూర్వీల్ ఎంత సాత్వికుడో, ఎక్కిన ఈయన అంత నిస్సిగ్గు.

మన సినిమాల్లో హాస్యనటుడు కథానాయకుడైతే చాలాసార్లు వెంటనే ఒక డ్యూయెట్, ఒక ఫైట్, చివర్లో కంటతడి పెట్టించే త్యాగం వచ్చి చేరతాయి. నవ్వించేవాడు నాయకుడు కావాలంటే మంచివాడు కాక తప్పదన్న బెంగ అది. ద ఫ్యునేస్ ఆ బెంగ పడలేదు. 1973 నాటి ‘రబ్బీ జాకబ్’లో తన డ్రైవరు యూదుడని తెలిసి పివెర్ అనే పారిశ్రామికవేత్త అవాక్కవుతాడు. ఆపైన, ఫరవాలేదు, పనిలో ఉంచుకుంటానులే అని ఉదారంగా అభయమిస్తాడు. చివరికి తానే రబ్బీ (యూదు మతగురువు) వేషం వేసుకుని ప్రాణం కాపాడుకోవలసి వస్తుంది. అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం జరుగుతున్న అక్టోబరు నెలలోనే ఈ సినిమా విడుదలైంది. పివెర్‌ను ముందే కొంచెం మెత్తగా చూపించి ఉంటే అది నీతికథ అయ్యేది. అసహ్యంగా చూపించారు కనుకనే, నవ్వుతున్నవాడికి ఆ మాట తన నోటా వచ్చి ఉండేదేమోనన్న అనుమానం కలుగుతుంది.

ఆయన తీసినవన్నీ గొప్పవని వాదించను. జాందార్మ్ వరసలో చివరి రెండింటిలో పస లేదు. 1975లో గుండెపోట్లు వచ్చాక ఆయన మునుపటి వేగం తగ్గించుకోవలసి వచ్చింది. అయినా మరుసటి ఏడాదే క్లోద్ జిదీ సినిమాలో, హాస్యనటుడు కోలూష్ సరసన, హోటళ్లకు మార్కులు వేసే భోజన విమర్శకుడిగా గట్టిగా నిలబడ్డారు. 1980లో ఎంతో ముచ్చటపడి పాత ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ రాసిన ‘లావార్’ (లోభి) నాటకాన్ని సహదర్శకత్వం వహించి మరీ తెరకెక్కించారు. ఆ లోభి పాత్రకు ఆయనను మించినవాడు లేడు కానీ, నాటకం మీది భక్తి సినిమాను కదలనివ్వలేదు. అదే ఏడాది ఫ్రెంచి సినిమా పురస్కారమైన సెజార్‌ను గౌరవపూర్వకంగా అందుకున్నారు. 1983 జనవరి 27న నాంత్‌లో కన్నుమూశారు.

ఐరోపాలో ఉన్న మన కుటుంబాలు ఆయన సినిమాలు మొదలుపెట్టదలిస్తే ‘లా గ్రాండ్ వాద్రూయ్’తో మొదలుపెట్టమంటాను, భాష అంతంతమాత్రమైనా పిల్లలకు అడ్డు కాదు. ‘రబ్బీ జాకబ్’ మాత్రం పిల్లలు కాస్త ఎదిగాక, పక్కన కూర్చుని అడిగినవాటికి జవాబు చెప్పే తీరిక ఉన్న రోజున చూడడం మంచిది.