తోట చూపిస్తే సరిపోదు, జవాబు చెప్పే మనిషి కావాలి

టెక్సస్‌లో డాలస్‌కు ఉత్తరాన, మెకిన్నీ అనే ఊరి పక్కన మయర్స్ పార్క్ ఉంది. అందులో కాలిన్ కౌంటీ మాస్టర్ గార్డెనర్లు, అంటే తోటపనిలో శిక్షణ పొందిన వలంటీర్లు, నడిపే ప్రదర్శన తోట ఉంది. ఫ్రిస్కో, ప్లేనోల్లో ఇన్ని తెలుగు కుటుంబాలున్నాయి, కారెక్కితే సుమారు అరగంట దూరం, అయినా ఆ తోట పేరు విన్న మనవాళ్లు తక్కువే. మార్చి వచ్చిందంటే చాలు వాట్సాప్ గ్రూపుల్లో "బీర విత్తనం ఎప్పుడు పెట్టాలి, కరివేపాకు ఎందుకు పసుపెక్కుతోంది" అని ఒకరినొకరు అడుగుతుంటాం, ఎవరికి తోచింది వాళ్లు చెబుతుంటారు. అదే ప్రశ్నకు, ఆ నేల గురించి చదువుకుని వచ్చిన మనిషి పైసా తీసుకోకుండా ఎదురుగా నిలబడి జవాబు చెప్పే చోటు ఇంత దగ్గర్లో ఉంది. ఇలాంటి తోటలకు విలువ తెచ్చేది ఆ మనిషే అని నా గట్టి అభిప్రాయం. పూలూ దారులూ బెంచీలూ ఆ తర్వాతే.

వీళ్లంతా వలంటీర్లు, అయితే ఉత్సాహం ఒక్కటే ఉంటే సరిపోదు. టెక్సస్‌లో మాస్టర్ గార్డెనర్ కావాలంటే కనీసం 50 గంటల శిక్షణ తీసుకోవాలి, మొదటి ఏడాదిలో 50 గంటలు సేవ చేయాలి. శిక్షణ బాధ్యత టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయపు విస్తరణ విభాగానిది, అంటే పరిశోధనలో తేలినదాన్ని జనం దాకా చేర్చే విభాగానిది. ఆ బిరుదు పెట్టుకుని నర్సరీకో ఎరువుల కంపెనీకో ప్రచారం చేయకూడదు, పరిశోధనలో తేలని చిట్కా ఆ హోదాలో చెప్పకూడదు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ నియమమే. ఎదుటి మనిషి మీకేమీ అమ్మడు. అందుకే "ఆ మొక్క ఇక్కడ బతకదండీ, కొనొద్దు" అని మొహమాటం లేకుండా చెప్పగలడు.

ఈ పద్ధతి పుట్టింది వాషింగ్టన్ రాష్ట్రంలో. 1970ల మొదట్లో సియాటిల్, టకోమా చుట్టూ ఇళ్లు పెరిగాయి, ఇళ్లతో పాటు పెరళ్లూ పెరిగాయి. రైతుల కోసం పెట్టిన విస్తరణ కార్యాలయాలకు గులాబీకి పట్టిన తెగులు గురించీ, లాన్ ఎండిపోవడం గురించీ ఒకటే ఫోన్లు. డేవిడ్ గిబ్బీ, బిల్ షియర్ అనే ఇద్దరు ఉద్యోగులు, తోటపని తెలిసిన మామూలు జనానికే శిక్షణ ఇచ్చి వాళ్లతోనే జవాబులు చెప్పిద్దామన్నారు. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయ నిపుణులకు మొదట నమ్మకం కుదరలేదు. సరే, చూద్దామని 1972లో టకోమా మాల్‌లో ప్రయోగంగా ఒక సలహా కేంద్రం పెట్టారు, అడగడానికి జనం విరగబడ్డారు. 1973లో మొదటి శిక్షణ మొదలైంది. ఇప్పుడది అమెరికా అంతటా ఉంది. సియాటిల్ పక్కన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బెల్‌వ్యూలో కూడా వీళ్లు నడిపే ప్రదర్శన తోట ఉంది.

మనకు ఇందులో ప్రత్యేకంగా పనికొచ్చే విషయం నేల. డాలస్ చుట్టూ ఉన్నది మన నల్లరేగడికి దగ్గరి చుట్టం, వేసవిలో నెర్రెలిచ్చి వానాకాలం బంకలా పట్టుకునే అదే రకం మన్ను. కర్నూలు, ఆదిలాబాద్‌లలో పత్తి పండించిన వాళ్లకు ఆ మన్ను తీరు ఎవరూ నేర్పక్కర్లేదు, కానీ అక్కడ లేనిదొకటి ఇక్కడ ఉంది, అదే మంచు. మార్చి మధ్య దాకా మంచు భయం, మళ్లీ నవంబరు మధ్యకల్లా మొదలు. గోంగూరకు ఎండ ఎంత ఉన్నా పరవాలేదు కానీ నేల వేడెక్కకముందు విత్తితే మొలక లేవదు. ఇవన్నీ యూట్యూబ్‌లో గుంటూరు నుంచో చెన్నై నుంచో వీడియో పెట్టేవాళ్లు చెప్పలేరు. పాపం, వాళ్ల తప్పూ కాదు.

కరివేపాకు సంగతి ఇంకా సీరియస్. నారింజ, నిమ్మ జాతుల్ని చంపే సిట్రస్ గ్రీనింగ్ అనే జబ్బును మోసే చిన్న పురుగు కరివేపాకు మీద హాయిగా పెరుగుతుంది. కరివేపాకుకు ఆ జబ్బు అంటదు, పురుగు మాత్రం దాని మీద బతికి పక్క చెట్టుకు పోతుంది. ఆ జబ్బు 2005లో ఫ్లోరిడాలో, 2012లో టెక్సస్‌లో బయటపడింది. 2003-04లో దాదాపు 24 కోట్ల పెట్టెల నారింజ పండించిన ఫ్లోరిడాలో ఇప్పుడు 2 కోట్ల పెట్టెలు కూడా రావట్లేదు. తుపానులూ దెబ్బ తీశాయి కానీ ప్రధాన కారణం ఈ జబ్బే. ఇండియా నుంచి సూట్‌కేసులో కరివేపాకు మొక్క తెచ్చుకోవడం, ఒక రాష్ట్రంలో కొన్న కుండీని కారులో ఇంకో రాష్ట్రానికి పట్టుకుపోవడం మనవాళ్లకు చిన్న విషయంలా అనిపిస్తుంది. విమానాశ్రయంలో లాక్కుంటే కోపం వస్తుంది. అదే విషయం తోటలో ఒక పెద్దమనిషి ఆకు తిప్పి, పురుగు ఎక్కడ దాక్కుంటుందో చూపించి చెబితే అర్థమవుతుంది. నిషేధం బోర్డు చేయలేని పని అది.

లోపాలు లేవని కాదు. శిక్షణ తరగతులు చాలాచోట్ల పనిరోజుల్లో పగటిపూట పెడతారు, కాబట్టి ఎక్కువగా రిటైరైనవాళ్లే చేరతారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు కుదరదు. నేను చూసిన తోటల్లో టమాటాలు, గులాబీలదే రాజ్యం, బీర, సొర పందిళ్లు అరుదు. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మన అమ్మానాన్నల పరిస్థితి. పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వచ్చిన ఆ పెద్దవాళ్లలో జీవితమంతా సేద్యం చేసినవాళ్లు ఎందరో. ఆ వలంటీర్లతో నేల గురించి గంటలు మాట్లాడగలరు, ఇంగ్లీషు రాక నోరు మెదపరు. కౌంటీకి ఇద్దరు తెలుగువాళ్లు శిక్షణ తీసుకుని నెలకో శనివారం తోటలో నిలబడితే ఈ మూడు లోపాల్లో రెండు తీరతాయి. సంఘాల పేరుతో సినిమా నైట్‌లు పెట్టే ఓపిక ఉన్నవాళ్లం, దీనికీ తీరిక చేసుకోగలం.

ఇక మన రాష్ట్రాలు. 1964లో రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అమెరికా నమూనానే తీసుకున్నాం, కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం దగ్గరుండి సాయం చేసింది. బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే గొడుగు కింద ఉండాలన్న ఆలోచన అలా వచ్చింది. కానీ ఇంటి తోటల వలంటీర్లనే భాగం అప్పటికి అమెరికాలోనే లేదు. ఎనిమిదేళ్ల తర్వాత పుట్టిన ఆ భాగాన్ని మళ్లీ తెచ్చుకోవాలని మనకు తోచలేదు, ఎందుకంటే మన దృష్టిలో విస్తరణ అంటే పొలమే, ఊరే. ఈలోగా హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో మిద్దె తోటలు పుట్టుకొచ్చాయి. వాళ్లకు సలహా ఎవరిస్తున్నారు? నెక్లెస్ రోడ్ నర్సరీ మేళాకు వెళ్తే మాట్లాడేది అమ్మేవాళ్లు, ఆన్‌లైన్‌లోకి వెళ్తే వ్యూస్ కావాల్సినవాళ్లు. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో, ఆంధ్రలో వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయాలున్నా, ఎనిమిదో అంతస్తులో వంకాయకు పుచ్చు వచ్చిన గృహిణి ఫలానా రోజు ఫలానా చోటికి వెళ్లి అడగొచ్చన్న ఏర్పాటు సిటీలో నాకు కనిపించలేదు.

జీతం లేనివాళ్లు విశ్వవిద్యాలయం పేరుతో తప్పు సలహా ఇస్తే బాధ్యత ఎవరిదని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాషింగ్టన్ రాష్ట్ర నిపుణుల భయమూ ఇలాంటిదే, దానికి వాళ్లు ఫైళ్లలో సమాధానం వెతకలేదు, జనం మధ్య కేంద్రం పెట్టి చూశారు. మనకు మాల్ కూడా అక్కర్లేదు. శిక్షణ ఇచ్చిన నలుగురు మిద్దె తోటల వాళ్లు, వాళ్ల పక్కన విశ్వవిద్యాలయం నుంచి ఒక శాస్త్రవేత్త, ఆదివారం పొద్దున కూకట్‌పల్లి రైతుబజారు దగ్గర ఒక బల్ల వేసుకుని కూర్చుంటే ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు.