గోరంత రంగు, కొండంత రివ్యూ

గోళ్ళరంగు మీద పన్నెండు నిమిషాల వీడియో చేసి, ఆ రంగు అసలు ఎలా ఉంటుందో మాత్రం చెప్పకుండా ముగించడం అందరివల్లా అయ్యే పని కాదు. దానికి సాధన కావాలి, గుండెనిబ్బరం కావాలి. ప్రెస్‌మీట్‌లో అడిగిన ప్రశ్న తప్ప మిగతా అన్నిటికీ జవాబిచ్చే నాయకులు కూడా ఈ రివ్యూవర్ల దగ్గర కూర్చుని పాఠాలు చెప్పించుకోవాలి. మీరూ చూసే ఉంటారు, బుకాయించకండి. ఒక్క షేడ్ కొందామా వద్దా అని వెతకబోయి, పెట్టె విప్పడం దగ్గర ఇరుక్కుని, రిబ్బను ముడి దగ్గర అలసిపోయి, చివరికి ఆవిడ ఉంగరం ఎక్కడ కొన్నదో తెలుసుకుని బయటపడ్డవాళ్ళమే మనమందరం.

"ఇది నా నిజాయితీ రివ్యూ" అని మొదలుపెడతారు. పెట్టె కంపెనీది, అందులోని కార్డు మీద రాసిన నాలుగు పొగడ్తలూ కంపెనీవే, కింద ఇచ్చే డిస్కౌంట్ కోడ్ కూడా కంపెనీదే. నిజాయితీ ఒక్కటే సొంతం, పాపం. ఆ నిజాయితీతో వేసే మార్కులు పదికి తొమ్మిదిన్నర. ఎనిమిదికి దిగిన రంగు ఇంతవరకూ నా కంటపడలేదు. ఆ అర మార్కు ఎందుకు కోశారంటే మూత కొంచెం జారుతోందట. ఇంతటి నిష్పాక్షికత ముందు న్యాయదేవత కళ్ళగంతలు విప్పుకుని షేడ్ నంబరు అడగాలి.

ఎలాగో సీసా చేతికొస్తుంది. వెంటనే తెరవరు. ముందు గోళ్ళతో దాని మీద టకటకా కొడతారు, ఎందుకో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. తర్వాత అరచేతుల మధ్య పెట్టి దొర్లిస్తారు. గట్టిగా ఊపితే గాలి బుడగలు పడతాయంటారు కాబట్టి దొర్లించడం మంచిదే, కాదనను, కానీ ఈ సంగతిని ప్రతి వీడియోలోనూ అప్పుడే కనిపెట్టినట్టు గొంతు తగ్గించి చెబుతారు చూడండి, అక్కడ నాకు మండుతుంది. ఆ తర్వాత సీసాని తలకిందులు చేసి, అడుగున అంటించిన చీటీ మీది పేరు చదువుతారు. ఆ పేర్లలో రంగు తప్ప అన్నీ ఉంటాయి. ఓపీఐ కంపెనీ 1999లో తెచ్చిన ప్రసిద్ధమైన ముదురు ఎరుపు పేరు "ఐయామ్ నాట్ రియల్లీ ఎ వెయిట్రెస్". అది విని ఎరుపని ఊహించినవాళ్ళకి నా దణ్ణం. 1994 నాటి షనెల్ వాళ్ళ "రూజ్ నువార్" నయం, ఆ ఫ్రెంచి పేరులోనే ఎరుపూ నలుపూ ఉన్నాయి, సీసాలోనూ అవే ఉన్నాయి. మన రివ్యూవర్ గారు మాత్రం పేరు చదివి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "ఈ షేడ్ ఒక మూడ్" అంటారు. మూడ్ సరే తల్లీ, ఎరుపా, మెరూనా?

ఇక వేయడం. మధ్యలో ఒక గీత, అటొకటి, ఇటొకటి. "రెండు కోట్లు చాలు" అంటారు (పూతలే లెండి, ఆస్తి కాదు). "నిమిషంలో ఆరిపోయింది" అని కూడా అంటారు. మొదటి కోటు వేసేటప్పుడు వెనక కిటికీలో ఎండ మండిపోతుంటుంది, రెండో కోటుకి అదే కిటికీలో వీధిదీపం వెలుగుతుంటుంది. ఆ నిమిషం ఏ గ్రహం మీదిదో మరి. అసలు ఆరడమంటే ఏమిటి? ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ లాంటి ద్రావకాలు ఆవిరైపోయి నైట్రోసెల్యులోజ్ పొర గట్టిపడి మిగలడం. ఈ నైట్రోసెల్యులోజ్ ఘనమైన వంశంలోంచి వచ్చింది, 1920లలో కార్లకి పూసిన లక్కర్లు దీనివే, నైట్రోజన్ పాళ్ళు ఇంకొంచెం పెరిగితే తుపాకీ మందు. అంతటి వంశాంకురం నిమిషంలో లొంగుతుందా? పై పొర ముందు బిగుసుకుంటుంది, అడుగున ద్రావకం ఇంకా చిక్కుకునే ఉంటుంది. వేలితో తాకి చూసి, అంటుకోలేదు కదా అని ధైర్యంగా పడుకుంటే, తెల్లారేసరికి దుప్పటి నేత మొత్తం, పోగు పోగునా, బొటనవేలి గోటి మీద అచ్చుపడి ఉంటుంది. ఆ అచ్చుని ఏ రివ్యూలోనైనా చూశారా? నేనైతే చూడలేదు. బహుశా వాళ్ళు నిద్రపోరు.

అసలు ఘట్టం ఇప్పుడు వస్తుంది. పోలికలు. దీనికోసం ఇంట్లో ఉన్న ఎరుపులన్నీ పోలీస్ స్టేషన్లో గుర్తింపు పరేడ్‌కి తెచ్చిన అనుమానితుల్లా వరసగా నిలబడతాయి. ఏడు. "ఇది కొంచెం నారింజ వైపు మొగ్గే ఎరుపు. ఇది నీలం వైపు మొగ్గే ఎరుపు. ఇది ఎటూ మొగ్గని ఎరుపు. ఇది మొదటిదానిలాగే ఉంటుంది కానీ అది కాదు." చేతికి వేళ్ళు ఐదే పెట్టడం సృష్టికర్త చేసిన పొరపాటు, ఇలాంటి అవసరం వస్తుందని ఆయన ఊహించలేదు. ఆరోదీ ఏడోదీ కుడిచేతికి పోతాయి, వాటిని ఎడమచేత్తో వేయాలి, ఆ వంకర్లలో రంగు సగం గోటికీ సగం చర్మానికీ పడుతుంది, వెంటనే తీర్పు వచ్చేస్తుంది: "ఈ ఫార్ములా కొంచెం ఇబ్బంది పెడుతోంది." వణికింది చెయ్యి, ఫార్ములా ఏం చేసింది?

అప్పుడు ఆ రెండు చేతుల్నీ కెమెరా ముందుకి తెస్తారు. ఫోన్ కెమెరాకి సొంత తెలివి ఎక్కువ, వెలుతురు ఎలా ఉంటే అలా రంగుల్ని తనే సర్దేస్తుంది. చిక్కటి ఎరుపు ఎదురైతే దానికి అసలు చేతకాదు, ఛాయల తేడాలన్నీ పోయి ఒకే ముద్దలా పడుతుంది. కాబట్టి తెర మీద మనకి కనిపించేది ఏడు వేళ్ళు, ఒక రంగు. "చూస్తున్నారు కదా, ఎంత తేడానో!" అంటారు. మనం ఫోన్ దగ్గరగా పెట్టుకుంటాం, దూరంగా పెట్టుకుంటాం, బ్రైట్‌నెస్ పెంచుతాం, కళ్ళజోడు తుడుస్తాం. "వీడియోలో సరిగ్గా తెలియట్లేదు కానీ నేరుగా చూస్తే చాలా తేడా ఉంది" అని ఆవిడే అంటుంది. అమ్మా, నేరుగా చూసే వీలు లేకే కదా నీ దగ్గరికొచ్చింది!

అయినా ఓడిపోరు. ఆ చేతులు పట్టుకుని ఇల్లంతా తిరుగుతారు. కిటికీ దగ్గర ఒకసారి, రింగ్ లైట్ కింద ఒకసారి, బాత్రూమ్ అద్దం ముందు ఒకసారి, చివరికి ఆగి ఉన్న కారులో స్టీరింగ్ పట్టుకుని ఒకసారి. స్టీరింగ్ లేనిదే గోళ్ళరంగు రివ్యూ చెల్లదని ఎక్కడో రాసి ఉంది కాబోలు. నాలుగు చోట్లా నాలుగు రంగులు కనిపిస్తాయి, నాలుగూ చూపించాక "ఏ లైట్లోనైనా ఒకేలా ఉంది, గమనించారా" అని ముక్తాయింపు. ఎరుపు కథే ఇలా ఉంటే ఊదా రంగు సంగతి చెప్పక్కర్లేదు, ఫోటోలో అది తరచూ నీలమై కూర్చుంటుంది. నియాన్ గులాబీలు, కొన్ని చిక్కటి పచ్చనీలాలైతే మామూలు తెరలు చూపగలిగే రంగుల పరిధిలోనే (దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అంటారు) పట్టవు. అయినా "కెమెరాలో ఉన్నది ఉన్నట్టు పడింది" అని ఒట్టేసి చెప్పేవాళ్ళున్నారు. ఫోటో పక్కన "చేతి మీద ఇంతకన్నా కాస్త ముదురుగా ఉంది, మూడు పూతలు పట్టాయి" అని ఒక్క ముక్క రాసేవాళ్ళు కూడా లేకపోలేదు. వాళ్ళకి చూసేవాళ్ళు లేరు, రిబ్బను లేదు కదా.

ఆ ఏడుగురు అనుమానితుల్నీ తిప్పి వెనక చీటీ చూడమనండి. ఎర్రరంగు సీసాల మీద పదేపదే కనిపించే రంగుపదార్థం నంబరు ఒకటుంది, సి.ఐ. (అంటే కలర్ ఇండెక్స్) 15850. దానికి తోడు తెలుపు కోసం టైటానియం డయాక్సైడ్, సి.ఐ. 77891. కాస్త మట్టిరంగు కావాలంటే ఐరన్ ఆక్సైడ్, సి.ఐ. 77491. ఈ కొద్దిమందే పాళ్ళు మార్చుకుని, మారుపేర్లు పెట్టుకుని తిరుగుతున్నారు. పన్నెండు నిమిషాల విచారణలో వేలిముద్రలు మాత్రం తీసుకోలేదు.

ఇంకో సంగతి. రివ్యూ ఎప్పుడూ వేసుకున్న రోజునే. గోరు తళతళలాడుతుండగానే "ఎన్నాళ్ళయినా చెక్కుచెదరదు" అని తేల్చేస్తారు. నాలుగో రోజు సంగతి నాకు చెప్పండి. కుడి చూపుడువేలి గోటి మూల రంగు సన్నటి పెచ్చులా లేచి, తల దువ్వుకున్నాక చెయ్యి జుట్టులోకి పోనిస్తే ఒక్క వెంట్రుక సరిగ్గా దాని కింద దూరి చటుక్కున లాగుతుంది చూశారా, ఆ నొప్పికి ఎన్ని మార్కులు? ఆ పెచ్చుని మీటింగులో కూర్చుని పక్కగోటితో గీకకుండా ఉండగలిగిన మనిషి ఉందా ఎక్కడైనా?

ఇదంతా సరదాకి భరించొచ్చు. భరించలేనిది "ఫ్రీ" అనే పాట. మొదట త్రీ ఫ్రీ అన్నారు: టోల్యూయిన్, ఫార్మాల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేట్ అనే మూడు హానికర రసాయనాలూ లేవని. తర్వాత ఫైవ్ ఫ్రీ, సెవెన్ ఫ్రీ, టెన్ ఫ్రీ, ఇప్పుడు ఇరవై కూడా దాటారు. ఏ అంకెకి ఏవి ఉండకూడదో చెప్పే ఉమ్మడి నియమం లేదు, ఎవరి లెక్క వాళ్ళది. గ్లూటెన్ లేదని కూడా లెక్కలో కలిపేశారు. ఆ లెక్కన పాము విషమూ లేదు, ఏనుగు దంతమూ లేదు, ముప్పై ఫ్రీ అని వేసుకోవచ్చు. రివ్యూవర్ గారు ఆ అంకెని వేళ్ళు ఆడిస్తూ చదువుతారు, "సో సేఫ్" అంటారు, ముందుకెళ్ళిపోతారు.

సేఫా? 2012లో కాలిఫోర్నియా విషపదార్థాల నియంత్రణ శాఖ సెలూన్లలో వాడే 25 ఉత్పత్తులు తెచ్చి పరీక్ష చేయించింది. టోల్యూయిన్ లేదని రాసుకున్న 12లో 10 సీసాల్లో అది ఉంది. మూడు విషాలూ లేవన్న ఏడింటిలో ఐదింట కనీసం ఒకటి ఉంది. చీటీ మీద పచ్చి అబద్ధం. డైబ్యూటైల్ థాలేట్ తీసేసి చాలామంది దాని స్థానంలో, హార్మోన్ల పనిని చెడగొట్టవచ్చని అనుమానమున్న ట్రైఫినైల్ ఫాస్ఫేట్ పెట్టారు. 2015లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు అది ఉన్న రంగు వేసుకున్న ఆడవాళ్ళ మూత్రం పరీక్షిస్తే, వేసుకున్న 10 నుంచి 14 గంటల తర్వాత దాని ఆనవాళ్ళు దాదాపు ఏడు రెట్లు పెరిగాయి. తీసేసినదాని గురించి ముందువైపు పెద్ద అక్షరాలు, పెట్టినదాని గురించి వెనక చీమ అక్షరాలు.

జెల్ కిట్ల వాళ్ళు ఇంకో మెట్టు పైన. "ఇంట్లోనే, ఏ అనుభవమూ అక్కర్లేదు" అని చెబుతూనే జెల్‌ని గోరు దాటించి చర్మం మీదికి పారిస్తారు, అలాగే దాన్ని గట్టిపరిచే లైటు కింద పెడతారు. అందులో ఉండే హీమా లాంటి మెథాక్రిలేట్ రసాయనాలు చర్మానికి తగిలీ తగిలీ ఒకసారి అలర్జీ పట్టుకుంటే అది జీవితాంతం పోదు, రేపు పంటికి ఫిల్లింగ్ వేయించుకోవాలన్నా చిక్కు రావచ్చు. యూరప్‌లో హీమా ఉన్న గోళ్ళ ఉత్పత్తుల్ని నిపుణులే వాడాలని నియమం పెట్టుకున్నారు. వీడియోలో మాత్రం పిల్లలు కూడా వేసుకోవచ్చన్నంత ధీమా.

ఇంక సెలూన్ రివ్యూ. కుర్చీ మెత్తగా ఉంది, ఒక మార్కు. పాటలు బాగున్నాయి, ఒక మార్కు. "వాసన కొంచెం ఘాటుగా ఉంది, అర మార్కు కట్." నీకు ఆ వాసన నలభై నిమిషాలు. బల్లకి అవతల నీ చెయ్యి పట్టుకుని తల వంచుకు కూర్చున్న మనిషికి పొద్దున్నుంచి రాత్రి దాకా, ఏళ్ళకి ఏళ్ళు. ఆమె మూతికి కట్టుకున్న గుడ్డ మాస్కు గోటి పొడిని కాస్త ఆపుతుందేమో గానీ ద్రావకాల ఆవిరిని ఆపదు, దానికి బల్ల దగ్గరే గాలి పీల్చి బయటికి తోసే ఏర్పాటు కావాలి. అది ఉందో లేదో చూడటానికి తల ఎత్తితే చాలు. ఎత్తరు. ఆమె వేళ్ళు క్లోజప్‌లో ఉంటాయి, ముఖం మాత్రం ఫ్రేమ్‌లో ఉండదు, పేరు అడగరు, దగ్గుతుంటే ఆ ముక్క ఎడిటింగ్‌లో ఎగిరిపోతుంది. 2015లో న్యూయార్క్ టైమ్స్ అక్కడి నెయిల్ సెలూన్ల పనివాళ్ళ జీతాల దోపిడీ గురించి, ఊపిరితిత్తుల జబ్బుల గురించి, గర్భస్రావాల గురించి రాసింది. లోకం ఉలిక్కిపడింది, నాలుగు రోజులు బాధపడింది, మళ్ళీ చెయ్యి చాపి గోళ్ళు ఆరబెట్టుకుంది. అర మార్కట! ఆ అర మార్కు ఎవరి ఊపిరికి కోస్తున్నావో ఎప్పుడైనా తెలుసుకున్నావా?

"ఇష్టం లేకపోతే చూడకండి" అని కింద ఎవరో ఒకరు రాస్తారు. చూడకపోతే దేన్ని బట్టి కొనాలి, పేరుని బట్టా?

ప్రస్తుతానికి నాకు నమ్మకమున్న రివ్యూవర్ ఒక్కటే, రక్తంలో ఆక్సిజన్ శాతం చూడటానికి ఆస్పత్రిలో వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్. నలుపు, నీలం, ఆకుపచ్చ లాంటి ముదురు రంగులు దాని రీడింగ్‌ని తప్పించే అవకాశం ఉంది, అందుకే రంగు వేసుకుని వెళితే నర్సు దూదీ రిమూవరూ పట్టుకొస్తుంది. ఆ షేడ్ ఒక మూడ్ అని ఆ ఆక్సీమీటర్‌కి చెప్పి చూడండి, వింటుందేమో. దానికి రిబ్బను అక్కర్లేదు, లింకు ఇవ్వదు, కంపెనీ పేరు అడగదు. మార్కులు కూడా పదికి కాదు, వందకి వేస్తుంది.