పది మీటర్ల దగ్గర రాలిపోయే పెల్లెట్ ఎక్కడా లేదు

ఈ వారంలో ఎయిర్‌గన్ గురించి అదే సందేశం నాలుగోసారి వచ్చింది. మొదట పాతపట్నం బంధువులు పంపారు, తరువాత పర్లాకిమిడి మిత్రులిద్దరు. నిన్న మామయ్య కూడా పంపి, "మన జీడితోటకు ఒకటి కొందామా?" అని అడిగారు. ఇక ఊరుకోలేను.

సందేశం సారం ఇది: కోతుల బెడదకు ఎయిర్‌గన్నే మందు. లైసెన్సు అక్కర్లేదు కాబట్టి అది ఆటవస్తువే. దాని పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, పది మీటర్లు దాటితే రాలిపోతుంది, ఒలింపిక్స్‌లో అందుకే పది మీటర్ల దూరం పెట్టారు. మన షూటర్ స్వప్నిల్ కుసాలే దానితోనే పతకం గెలిచాడు. తుపాకీని 45 డిగ్రీలు ఎత్తితేనే పెల్లెట్ ఎక్కువ దూరం పోతుంది. ఆకాశంలోకి కాల్చినా ప్రాణభయం లేదు.

కుసాలే 2024లో పారిస్‌లో కాంస్యం గెలిచింది 50 మీటర్ల పోటీలో. అది మందుగుండు తూటా పేల్చే రైఫిల్. 45 డిగ్రీల సూత్రం గాలి లేని చోట చెల్లుతుంది. గాలిలో పెల్లెట్ అత్యధిక దూరం పోయేది 30, 35 డిగ్రీల దగ్గర. ఈ రెంటికీ ఇంతకంటే మాటలు వృథా.

పది మీటర్ల మాట మాత్రం అలా వదలలేను, కళ్లు పోగొట్టే మాట అదే. ఒలింపిక్ ఎయిర్‌రైఫిల్ గురిలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పది మీటర్ల దూరం పెట్టింది ఆ చుక్కను కొట్టే నేర్పును పరీక్షించడానికి. పెల్లెట్ అక్కడ అలసిపోతుందని కాదు. ఆ తుపాకీ నుంచి అది సెకనుకు దాదాపు 175 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. భుజం ఎత్తులో నేలకు సమాంతరంగా పేల్చినా సుమారు 70 మీటర్లు పోయాకే నేలను తాకుతుంది. గొట్టం కాస్త పైకి ఎత్తితే 250 మీటర్లు, బలమైన తుపాకీ అయితే 300 కూడా దాటుతుంది.

గాలే లేకపోతే అదే పెల్లెట్ మూడు కిలోమీటర్లు పోవాలి. బరువేమో అర గ్రాము. నడుము సన్నం, వెనుక భాగం లంగా అంచులా విప్పారి ఉంటుంది. ఆ అంచు పెల్లెట్‌ను తిన్నగా నడిపిస్తుంది, గాలి దాన్నే పట్టుకుని వెనక్కి లాగుతుంది. ప్రతి 75 మీటర్లకు వేగం దాదాపు సగమవుతుంది. సగమవుతుంది, సున్నా కాదు! మట్టిగట్టుకు ఆనించిన మందపాటి అట్టపెట్టెను నేను 50 మీటర్ల నుంచి కొట్టి చూశాను. పెల్లెట్ అట్టను చీల్చుకుని పోయింది. కంటిపొర ఆ అట్టకంటే గట్టిదా?

లైసెన్సు మినహాయింపు ఉంది, నిజమే. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. కానీ అర గ్రాము సీసానికి 20 జౌళ్లంటే సెకనుకు 280 మీటర్ల వేగం. సెకనుకు సుమారు 100 మీటర్ల వేగం చాలు, అది చర్మాన్ని చీల్చడానికి. జాతరలో బెలూన్లు కొట్టే తుపాకీనే చూసిన కళ్లతో దీన్ని ఆటవస్తువు అనకండి. ఆ బెలూన్ల వెనుక చెక్కపలక ఎందుకు పెడతారో ఒక్కసారి ఆలోచించండి.

ఆకాశంలోకి కాల్చడం గురించి సందేశం చెప్పింది చాలావరకు సరైనదే. లెక్క వేసేదాకా నేనూ నమ్మలేదు. నిటారుగా పైకి వెళ్లిన పెల్లెట్ గాలి అడ్డగించడం వల్ల సెకనుకు 30 మీటర్ల దరిదాపు వేగంతోనే తిరిగి పడుతుంది. తల పగలదు. అయితే ఏటవాలుగా కాల్చినప్పటి మాట వేరు. చెట్టు మీది కోతిని కొట్టేవాడు కాల్చేది ఏటవాలుగానే.

కోతుల బాధ అబద్ధమని నేననను. రెండేళ్లుగా మా మొక్కజొన్న సగం వాటి పాలే. ఎవరికి చెప్పుకున్నా ఫలితం లేదు. ఆ కోపం న్యాయమైనది, అందులో నేను మీ పక్షమే. పక్కవాడి పిల్లకు గురిపెట్టే హక్కు మాత్రం అది ఇవ్వదు.

మామయ్యా, మీ మంచె దగ్గర నిలబడి నిన్న సాయంత్రం అడుగులు కొలిచాను. జీడిచెట్ల వెనుక, పిల్లలు సైకిళ్ల మీద బడికి వెళ్లే బాట అక్కడికి 80 మీటర్లు.