చైనీస్ ఇంటికి ఇంగ్లీషు గుమ్మం ఎందుకు?

చైనీస్ నేర్చుకునేవారికి మొదట్లోనే ఇంటి భాగాల జాబితా ఒకటి ఎదురవుతుంది. కిచెన్‌కు ఛూఫాంగ్, బెడ్‌రూమ్‌కు వోషి, బాల్కనీకి యాంగ్‌థాయ్. ఎక్కాల్లా వల్లెవేస్తే రెండు రోజుల్లో వస్తాయి, వారం తిరిగేసరికి పోతాయి. తప్పు జ్ఞాపకశక్తిది కాదు, మధ్యలో తెచ్చి నిలబెట్టిన ఇంగ్లీషుది.

ఛూ అంటే వంట, ఫాంగ్ అంటే గది. వో అంటే పడుకోవడం, షి మళ్లీ గదే. వంటగది, పడకగది అనుకునే మనకు ఇందులో వింతేముంది? 'కిచెన్'ను ఎంత విడదీసినా ఏమీ రాలదు. యాంగ్‌థాయ్ ఎండ తగిలే అరుగు. హాలు ఖతింగ్, అంటే అతిథుల చావడి. అక్కడి అద్దె ప్రకటనల్లో డబుల్ బెడ్‌రూమ్ అని ఉండదు. 'రెండు గదులు, ఒక చావడి' అని లెక్క చెబుతారు. మెడిసిన్ చదవడానికి వెళ్లి, ఇల్లు వెతుక్కునే మన పిల్లలకు ఇది అక్కరకొచ్చే సంగతే.

రాతలో అసలు సరదా తలుపు దగ్గర ఉంది. తలుపును మన్ అంటారు. దాని అక్షరం పూర్వం రెండు రెక్కల తలుపు బొమ్మ. 1956 లిపి సంస్కరణతో అది ఒట్టి ద్వారబంధంగా మిగిలింది. అందులో ఒక అడ్డగీత గీస్తే గడియ! నోరు పెడితే అడగడం. గుండె పెడితే ఉక్క, దిగులు. చెవి పెడితే వినడం. వాడుకలో మాత్రం ఇప్పుడది వాసన చూడటం, చెవి కాస్తా ముక్కయింది. ఈ చివరి మూడింటిలో తలుపు ఉన్నది ఉచ్చారణ సూచించడానికేనని పండితులంటారు. నిజమే, కానీ గుర్తుండిపోయేది బొమ్మే.

ఉచ్చారణలోనూ ఇంగ్లీషు దారి తప్పిస్తుంది. గచ్చును తీపాన్ అంటారు. రోమన్ లిపిలో 'డి', 'బి' అక్షరాలు చూసి దీబాన్ అని చదివేస్తాం. చైనీస్‌లో తేడా త-ద ల మధ్య కాదు, త-థ ల మధ్య. ఆ తేడా చూపే అక్షరాలు మన వర్ణమాలలో ఉన్నాయి, ఇంగ్లీషులో లేవు. ఒత్తులు పలకడానికి మనకు బద్ధకం, అది వేరే మాట.

అయితే మన లిపి కూడా చేతులెత్తేసే చోటుంది. కిటికీ ఛ్వాంగ్, మంచమూ ఛ్వాంగే. ఎత్తుగా, నిలకడగా పలికితే కిటికీ. ప్రశ్న అడిగినట్టు పైకి లేపితే మంచం. ఉక్కపోస్తోంది, కాస్త కిటికీ తెరవండి అని మర్యాదగా గొంతు లేపి అడిగారో, మంచం తెరవమన్నట్టే.