పెట్రీ గిన్నె గారికి, గుంటూరు నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ పెట్రీ గిన్నె గారికి, గుంటూరు బ్రాడీపేట నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా.

ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. ప్రయోగశాలలో మీ గాజు పళ్ళెంలో కాపురం ఉండే క్యాన్సర్ కణాల క్షేమం మాత్రం అడగను. వాటిని చంపని ఆకంటూ మీ దగ్గర ఇంతవరకూ నాకు ఒక్కటీ కనపడలేదు. వేపాకు చంపింది, తులసి చంపింది, మునగాకు, సీతాఫలం ఆకు, గోరింటాకు అన్నీ తలా ఒక చెయ్యి వేశాయి. పోయిన వారం మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో జామాకు కూడా ఒక హత్య చేసి వచ్చింది. గోంగూర వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాం, గుంటూరు వాళ్ళం కదా.

మీ మీద నాకు పాత పగలేం లేవండి. 1887లో జర్మనీలో, సూక్ష్మజీవుల శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ దగ్గర పనిచేసే జూలియస్ రిచర్డ్ పెట్రీ మీ గురించి లోకానికి చెప్పినప్పుడు మీరు మూతున్న ఒక గాజు పళ్ళెం, అంతే. మా అమ్మ తోడుపెట్టిన పాల మీద మూత పెట్టినట్టు, సూక్ష్మజీవులు పెరిగేచోట దుమ్ము పడకూడదని ఆయనా పెట్టాడు. అక్కడితో ఆగి ఉంటే మనకీ గొడవ ఉండేది కాదు. తర్వాత్తర్వాత మీలో మనిషి క్యాన్సర్ కణాలు పెంచడం, వాటి మీద ఏదో ఒక ఆకు రసం పోయడం, రెండు మూడు రోజులాగి ఎన్ని చచ్చాయో లెక్కపెట్టడం మొదలైంది. మంచి పనే. ఏ ఆకుని వదిలేయాలో, ఏ ఆకు వెంట ఇంకో పదేళ్ళు పడాలో తెలియడానికి అది మొదటి మెట్టు. మా వాళ్ళు ఆ మెట్టు మీదే చాప వేసుకుని పడుకున్నారు, మేడ ఎక్కేశాం అనుకుని.

అసలు చిక్కంతా 'తేలింది' అనే మాటలో ఉంది. 'పరిశోధనలో తేలింది'. కృష్ణలో ఏదన్నా తేలితే ప్రకాశం బ్యారేజీ దగ్గరన్నా ఆగుతుంది, మీ దగ్గర తేలింది మాత్రం గేట్లు దూకి నేరుగా మా ఫోన్లలోకి వస్తుంది. మీ మీద రాసే పరిశోధన వ్యాసాల చివర 'ఇవి ప్రయోగశాల ఫలితాలు, జంతువుల్లో, మనుషుల్లో ఇంకా చూడాలి' అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంటుంది (ఆలస్యంగానైనా కొన్ని చదివాను లెండి), అది పాపం విజయవాడ జంక్షన్‌లో నీళ్ళ సీసా కోసం దిగి రైలు తప్పినట్టుంది, మా దాకా ఎప్పుడూ రాలేదు. మా దాకా వచ్చింది ఒకటే: 'క్యాన్సర్‌కి చెక్ పెట్టే ఆకు మీ పెరట్లోనే!'

మా పెదనాన్నది దుగ్గిరాల దగ్గర పల్లెటూరు. పసుపు రైతు. యాభై ఏళ్ళుగా పసుపు పండించి, ఉడకబెట్టి, కళ్ళంలో ఆరబోసి, యార్డుకి తోలిన మనిషి, ఒళ్ళంతా ఎప్పుడూ పసుపే. మీ లెక్క ప్రకారం క్యాన్సర్ ఆయన్ని చూస్తేనే పారిపోవాలి. ఆయన కుడి మడమ కింద నల్ల మచ్చ ఒకటి వచ్చింది. ఆనెకాయ అనుకున్నారు. కాదు, ముల్లు గుచ్చుకుని నెత్తురు గడ్డకట్టింది అనుకున్నారు. అది పెరిగి, అంచులు వంకరపోయి, ఒకపక్క నలుపు ఒకపక్క గోధుమ రంగు తిరిగాక, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా అన్నయ్య ఫోటో చూసి, 'నాన్నా, డాక్టర్‌కి చూపించు' అనాల్సింది పోయి, 'ఎందుకైనా మంచిది' అంటూ మీ వార్త ఒకటి ఫార్వర్డ్ చేశాడు. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం మెలనోమా కణాల్ని, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్ కణాల్ని చంపిందట. మెలనోమా అన్న మాట మా ఇంట్లోకి మొదటిసారి అలా వచ్చింది, పసుపు చేతిలో అప్పటికే ఓడిపోయిన శత్రువులాగా. దాని కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది నేనే, ఒప్పుకుంటున్నా.

ఇక చూసుకోండి. పొద్దున పసుపూ వేపాకూ నూరిన ముద్ద. సాయంత్రం జిల్లేడు పాలు. పులిపిర్లకి పనిచేసింది దీనికి చేయదా అని పక్కూరి నాటువైద్యుడు చెప్తే గట్టు మీద రెడ్డివారి నానుబాలు మొక్క తెంపి ఆ పాలు. పైన ఆముదం ఆకు వేసి గుడ్డకట్టు. పథ్యం సరేసరి, వంకాయ వద్దు, గోంగూర వద్దు. ఆయనకి గోంగూర మానేయడం ఎంత శిక్షో గాజువాళ్ళు మీకేం తెలుస్తుంది. ఆసుపత్రి మాట ఎత్తితే 'ముక్క తీస్తే పాకుద్ది, కత్తి తగలనీయకూడదు' అని పెద్దమ్మ పుట్టింటివాళ్ళు. అలా ఎనిమిది నెలలు. మచ్చ మీద తోలు ఆ పాలకి కాలి చెక్కు కట్టేది, చెక్కు రాలేది, 'ఎండుతోందిరా' అనేవాడు పెదనాన్న. ఎండింది పైపొరే.

మీ కాపురం సంగతి కొంచెం మాట్లాడుకుందాం, ఏమనుకోకండి. మీ కణాలకి ఎప్పుడూ 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ గాలి, దూడ నెత్తురు నుంచి తీసిన సీరంతో భోజనం. మా ఊళ్ళో మే నెలలో 37 అంటే 'ఇవాళ చల్లబడిందే' అని మేడ మీద పడకేస్తాం. అంత సుకుమారంగా, ఒక్క పొర మందాన పరుచుకున్న కణాల మీద ఉప్పు ఎక్కువైనా చస్తాయి, గచ్చు కడిగే యాసిడ్ పోస్తే మరీ చస్తాయి. మరి యాసిడ్ రాసుకోమని ఎవరూ ఫార్వర్డ్ చేయరేం? అది పెరట్లో కాయదు గనక. మీకు పేగుల్లేవు, కాలేయం లేదు, అన్నిటికన్నా ముఖ్యంగా తోలు లేదు. చర్మం ఉన్నదే బయటివాటిని గుమ్మం దగ్గర ఆపడానికి. యాభై ఏళ్ళు చెప్పుల్లేకుండా తిరిగిన మా పెదనాన్న మడమలోకి పసుపు ముద్ద దిగాలంటే గునపం కావాలి.

పోనీ తినమంటారా? పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతం. మనుషులకి రోజుకి 8 గ్రాముల కర్కుమిన్ మింగించి కూడా చూశారు, నెత్తురులో కనపడింది మాత్రం చాలా కొంచెం, మిగతాదాన్ని పేగూ కాలేయం కలిసి అటునుంచి అటే సాగనంపేస్తాయి. ఆ 8 గ్రాముల కోసం రోజూ పావుకిలో పైన పసుపు తినాలి. ఈ లెక్క చెప్తే పెదనాన్న నవ్వి, 'రేటు పడిపోయిన ఏడాది తినొచ్చులే' అన్నాడు. అన్నయ్య మాత్రం తగ్గలేదు, 'పసుపు మీద అమెరికా పేటెంటునే మనం కొట్టేయించాం' అన్నాడు. నిజమే, 1995లో వాళ్ళిచ్చిన పేటెంటుని మన సీఎస్ఐఆర్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ పోరాడి 1997లో రద్దు చేయించింది. కానీ ఆ తగువు పుండ్లు మానడం గురించి, పైగా మనం గెలిచింది 'ఇందులో కొత్తేముంది, మా అమ్మమ్మలకే తెలుసు' అని. క్యాన్సర్ ఊసే లేదక్కడ. వాట్సాప్‌లో ఒక కేసు గెలిస్తే అన్ని కేసులూ గెలిచినట్టే.

ఆకుల్ని ఆడిపోసుకుంటున్నానని అనుకోకండి. మా వాకిట్లో బిళ్ళగన్నేరు ఉంది. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనేవాళ్ళు ఆ ఆకు షుగర్ జబ్బుకి పనికొస్తుందేమోనని ఎలుకలకిచ్చి చూస్తే, షుగర్ తగ్గలేదు, తెల్ల రక్తకణాలు తగ్గాయి. ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ వచ్చాయి. విన్‌క్రిస్టిన్‌కి అమెరికాలో 1963లో అనుమతి దొరికింది, పిల్లల రక్త క్యాన్సర్‌కి ఇప్పటికీ అదొక ఆసరా. కాకపోతే దాన్ని మిల్లీగ్రాముల లెక్కన నరంలోకి ఎక్కిస్తారు, పొరపాటున వెన్నులోకి ఎక్కితే ప్రాణమే పోతుంది. వాకిట్లో అంత అమాయకంగా పూసే మొక్క సంగతి అది.

ఇంకో కథ చెప్తాను, ఇది మీరు మీ తోటి గిన్నెలకి కూడా చెప్పాలి. మన రెడ్డివారి నానుబాలుకి ఆస్ట్రేలియాలో ఒక చుట్టం ఉంది, అదే యుఫోర్బియా జాతి. దాని పాలు అక్కడివాళ్ళు చర్మం మీది మచ్చలకి రాసుకునేవాళ్ళు, అచ్చం మా పెద్దమ్మలాగే. ఆ పాల నుంచి ఇంజెనాల్ మెబ్యుటేట్ అనే పదార్థం తీసి, ఎండకి దెబ్బతిని ముందుముందు క్యాన్సర్‌గా మారగల మచ్చలకి జెల్ చేశారు. ముఖానికి 0.015 శాతం, ఒంటికి 0.05 శాతం, రాసేది రెండు మూడు రోజులే. 2012లో అమెరికా అనుమతించింది. పసరు గెలిచిందని ఈలలు వేయాల్సిన చోటు ఇదే. 2020లో యూరప్‌లో దాన్ని ఆపేశారు. ఇంకో పూతమందుతో పోల్చి మూడేళ్ళు చూస్తే, ఈ జెల్ వాడినవాళ్ళలోనే చర్మ క్యాన్సర్లు ఎక్కువ కనిపించాయట. కొలిచి, శుద్ధిచేసి, ట్యూబు మీద శాతం అచ్చేసి ఇచ్చిన మందు ఇలా తిరగబడితే, గట్టు మీద తెంపి పిండిన పాలకి శాతం ఎవరు వేస్తారు?

చివరికి మడమ నుంచి నెత్తురు కారితే గుంటూరు కొత్తపేటలో ఒక చర్మ డాక్టర్ దగ్గరికి తీసుకొచ్చాం. ఆవిడ భూతద్దం లాంటిది పెట్టి ఒక్క నిమిషం చూసి, ముక్క తీసి పరీక్షకి పంపాలన్నారు. రిపోర్టు మెలనోమా. మన రంగువాళ్ళకి ఈ జబ్బు తక్కువే, వచ్చినప్పుడు మాత్రం ఎక్కువగా ఎండ తగలని అరికాళ్ళు, అరచేతులు, గోళ్ళ కింద దాక్కుంటుందట. జమైకా పాటగాడు బాబ్ మార్లేకి కాలి గోరు కిందే వచ్చింది, 1981లో 36 ఏళ్ళకే పోయాడు. దీని లోతు మిల్లీమీటర్లలో కొలుస్తారు, ఒక మిల్లీమీటరు లోపుంటే చాలామందికి కోసేస్తే సరిపోతుంది. మాది దాటింది. ఎంత దాటిందో ఇంట్లో ఎవరం పైకి అనం. మడమ దగ్గర వెడల్పుగా కోసి, తొడ నుంచి చర్మం తెచ్చి అతికారు, గజ్జల్లో బిళ్ళ ఒకటి తీశారు, మూడు వారాలకోసారి ఇంజెక్షన్‌కి తిరుగుతున్నాం. 'ఎన్నాళ్ళ నుంచి ఉందండీ ఇది?' అని ఆ డాక్టర్ అడిగినప్పుడు పెదనాన్న నా వైపు చూశాడు, నేను అన్నయ్య వైపు చూశాను, అన్నయ్య ఫోన్ చూసుకున్నాడు.

కాబట్టి గిన్నె గారూ, ఇకమీదట మీలో ఏ ఆకన్నా గెలిస్తే, అది మనిషి ఒంట్లో గెలిచిన తేదీ కూడా పక్కన రాయించి పంపండి. ఆ తేదీ ఇంకా రాకపోతే వార్తని మీ దగ్గరే ఉంచుకోండి, పెట్రీ గారు మీకు మూత ఇచ్చింది ఊరికే కాదు కదా.

ఇట్లు,
మీ గిన్నెలో పట్టని ఒక కుటుంబం తరపున.

తా.క.: పెరట్లో జిల్లేడు చెట్టు కొట్టేద్దామని మొన్న అన్నయ్య గొడ్డలి పట్టుకున్నాడు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. వినాయక చవితికి పత్రిలోకి కావాలట.